ముట్టుకుంటే జిల్లుమన్న టోస్టర్

మయూర్ విహార్‌లో జనవరి నెలంతా ఇడ్లీ పిండి మొండికేస్తుంది. రాత్రి గిన్నెకు దుప్పటి చుట్టి, ఓవెన్‌లో పెట్టి, లైటు వేసి ఉంచినా తెల్లవారేసరికి ఎక్కడి పిండి అక్కడే ఉంటుంది. పిండిని పులియబెట్టే బాక్టీరియా 25 నుంచి 30 డిగ్రీల మధ్య చురుగ్గా పనిచేస్తుంది. ఢిల్లీ చలికాలపు వంటింట్లో ఆ వేడి దొరకదు. అందుకే ఇక్కడి తెలుగు ఇళ్లలో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బ్రెడ్డుకు గిరాకీ. ఏడాదిలో మిగతా రోజుల్లో అటక మీద ఉండే టోస్టర్ కూడా అప్పుడే కిందికి దిగుతుంది.

మా కింది అంతస్తులో ఉండే రాజమండ్రి పిన్నిగారు పోయిన చలికాలంలో ఒక ఉదయం తలుపు తట్టారు. చేతిలో టోస్టర్. "అమ్మాయ్, నువ్వు ఫిజిక్స్ చదివావు కదా, దీని సంగతేంటో చూడు. ముట్టుకుంటే జిల్లుమంటోంది. బ్రెడ్డు మాత్రం బ్రహ్మాండంగా కాలుతోంది" అన్నారు. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసినవాళ్లకు ఇంటి సామాన్లు బాగుచేయడం వస్తుందని మన పెద్దవాళ్లకు ఒక నమ్మకం. నాకు రాదు. కానీ మల్టీమీటర్ ఉంది.

ప్లగ్గు ఊడదీసి ఉండగానే మొదట చూసింది తీగను. టోస్టర్ ఒళ్లంతా స్టీలు రేకు. ప్లగ్గుకు మూడు పిన్నులు ఉన్నాయి. పైన ఉన్న పొడుగాటి లావు పిన్ను ఎర్త్‌ది. దాని మీద మల్టీమీటర్ ఒక కొన, టోస్టర్ రేకు మీద రెండో కొన పెడితే మీటరు బీప్ మనాలి. అనలేదు. అడుగు విప్పితే కారణం కనిపించింది. అంతకు ముందు ఏడాది తీగ పాడైతే ఎవరో కొత్తది వేశారు. వేసింది రెండు తీగల కేబుల్. ప్లగ్గు మాత్రం మూడు పిన్నులది. మూడో పిన్ను లోపల దేనికీ తగలకుండా ఊరికే నిలబడి ఉంది.

మన్నిక గల, బాగుచేసుకోగల టోస్టర్ ఏది కొనాలి అని ఆలోచిస్తూ నేను ఈ వ్యాసం మొదలుపెట్టాను. పిన్నిగారి టోస్టర్ వల్ల ఆ ప్రశ్న కాస్త మారింది. మరమ్మతు చేయగలగడం ఎంత ముఖ్యమో, చేసిన మరమ్మతు మనిషిని చంపకుండా ఉండటం అంతకన్నా ముఖ్యం. ఈ రెండూ ఎలా కలుస్తాయో తెలియాలంటే లోపల ఏముందో చూడాలి.

టోస్టర్ గుండెకాయ ఒక సన్నని రిబ్బన్ లాంటి తీగ. పేరు నిక్రోమ్. దాదాపు 80 శాతం నికెల్, 20 శాతం క్రోమియం. అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మార్ష్ దీనికి 1906లో పేటెంట్ పొందారు. అంతకు ముందు రొట్టె కాల్చే విద్యుత్ పరికరాలు చేయాలని చూసినవాళ్లంతా ఇనుప తీగల దగ్గర ఓడిపోయారు. ఎర్రగా కాగిన ఇనుము గాలిలో తుప్పు పట్టి తొందరగా తెగిపోతుంది. నిక్రోమ్ కూడా గాలిలో ఆక్సీకరణం చెందుతుంది. అయితే దాని మీద ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర గట్టిగా అతుక్కుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. తనకు పట్టిన తుప్పే తనకు కవచం. పైగా దాని విద్యుత్ నిరోధం రాగి కంటే దాదాపు 65 రెట్లు ఎక్కువ. అందుకే కొద్ది పొడుగు తీగతోనే కావలసినంత వేడి పుడుతుంది.

మన ఇళ్లలో వాడే రెండు ముక్కల టోస్టర్లు చాలావరకు 700 నుంచి 850 వాట్ల మధ్య ఉంటాయి. 800 వాట్లదే తీసుకుందాం. 230 వోల్టుల దగ్గర దాని నిరోధం సుమారు 66 ఓమ్‌లు, లాగే కరెంటు దాదాపు మూడున్నర ఆంపియర్లు. మల్టీమీటర్ ఉన్నవాళ్లు ఈ 66 అంకెను గుర్తుంచుకోవాలి. ప్లగ్గు ఊడదీసి, మీట కిందికి నొక్కి పట్టుకుని, రెండు పిన్నుల మధ్య కొలిస్తే ఆ దరిదాపుల్లో చూపించాలి. ఏమీ చూపకపోతే తీగో, స్విచ్చో ఎక్కడో తెగిందన్నమాట.

వెలిగినప్పుడు ఆ తీగ సుమారు 800 డిగ్రీలకు చేరిందనుకుంటే, అది వెదజల్లే వికిరణం 2.7 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర గరిష్ఠంగా ఉంటుంది. మన కంటికి కనిపించే నారింజ రంగు అందులో చిన్న తోక మాత్రమే, మిగతాదంతా పరారుణ వికిరణం. నీరు 3 మైక్రాన్ల దగ్గర పరారుణాన్ని బాగా పీల్చుకుంటుంది. బ్రెడ్డు పైపొరలోని తేమ ముందుగా ఆవిరయ్యేది అందుకే. తేమ పోయి పైభాగం 140 డిగ్రీలు దాటాక చక్కెరలకూ అమైనో ఆమ్లాలకూ మధ్య చర్య మొదలై రంగు, వాసన పుడతాయి. ఈ చర్యను ఫ్రెంచి రసాయనవేత్త లూయీ కమీయ్ మయ్యార్ 1912లో వివరించారు. మరీ నల్లగా మాడ్చకండి. 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టిన అక్రిలమైడ్ సంగతి కూడా ఈ వేడికి సంబంధించిందే. బంగారు రంగు దగ్గర ఆపేస్తే సరిపోతుంది.

ఇక ఆ తీగను దేని మీద చుట్టారు? పల్చటి, మెరిసే, పొరలు పొరలుగా ఊడివచ్చే పలక మీద. అది అభ్రకం. పల్లెల్లో కాకిబంగారం అంటారు. నెల్లూరు, గూడూరు ప్రాంతం వాళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. గూడూరు, సైదాపురం, రాపూరు చుట్టుపక్కల గనుల అభ్రకం ఒకప్పుడు దేశదేశాలకూ ఎగుమతి అయ్యేది. వేడికి కరగదు, మండదు, కరెంటును పోనివ్వదు, కత్తిరిస్తే కావలసిన ఆకారం వస్తుంది. ఇన్ని గుణాలు ఒకేచోట, అదీ తక్కువ ఖర్చులో ఉన్న పదార్థం ఇంకోటి దొరకక, వందేళ్లు గడిచినా టోస్టర్లు దీన్ని వదల్లేదు. ఇప్పుడు వాడేవి చాలావరకు అభ్రకం పొడిని, రేకులను రెసిన్‌తో అతికించి చేసిన పలకలు. దాని బలహీనత ఒక్కటే, పెళుసుదనం. ఫోర్కుతో ఇరుక్కున్న బ్రెడ్డును పొడిచి తీసేటప్పుడు ముందుగా విరిగేది ఇదే. ఆ తర్వాత నిక్రోమ్ తీగ జారి రేకుకు తగులుతుంది.

అప్పుడేం జరుగుతుంది? ఎర్త్ ఉంటే కరెంటు రేకులోంచి ఎర్త్ తీగలోకి పోతుంది. ఫ్యూజో, ఎంసీబీనో, ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే అదో వెంటనే తెంచేస్తుంది. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనిపిస్తే చాలు ఆపేస్తుంది. ఎర్త్ లేకపోతే ఆ రేకు 230 వోల్టుల మీద నిశ్శబ్దంగా కూర్చుని ఉంటుంది, తడి చేయి పెట్టే మనిషి కోసం. పిన్నిగారికి తగిలింది అంత పెద్దది కాదు. తీగకూ రేకుకూ మధ్య ఉన్న తేమ, పేరుకున్న బ్రెడ్డు పొడి, ఆ రెండింటి మధ్య సహజంగా ఉండే కెపాసిటెన్స్ కలిసి ఒక మిల్లీ ఆంపియరుకు అటూ ఇటూగా లీకు చేశాయి. మనిషి చర్మానికి తెలిసేది ఆ మేరకే. ఆ జిల్లు ఒక హెచ్చరిక. అభ్రకం పలక విరిగిన రోజున హెచ్చరిక ఉండదు.

నేను ఆ టోస్టర్ పట్టుకుని త్రిలోక్‌పురి వైపు రోడ్డు మీద ఉన్న ఒక మరమ్మతు దుకాణానికి వెళ్లాను. నాలుగడుగుల వెడల్పు. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, గీజర్ రాడ్లు పైకప్పు దాకా. దుకాణదారు దగ్గర మల్టీమీటర్ లేదు, సిరీస్ బోర్డు ఉంది. వంద వాట్ల పాత బల్బు, దాని వరుసలో ఒక సాకెట్. పాడైన పరికరాన్ని ఆ సాకెట్‌లో పెడితే కరెంటు బల్బులోంచే వెళ్లాలి. బల్బు వెలగకపోతే లోపల తీగ తెగింది. వెలిగితే దారి ఉంది. ఒక కొనను రేకుకు తాకించినప్పుడు వెలిగితే బాడీ షార్టు. వంద వాట్ల బల్బు నిరోధం వెలిగినప్పుడు దాదాపు 529 ఓమ్‌లు, టోస్టర్‌ది 66. రెండూ వరుసలో ఉంటే బల్బు లాగే వాట్లు ఓ ఇరవై శాతం మాత్రమే తగ్గుతాయి, టోస్టర్ తీగ వెచ్చబడను కూడా వెచ్చబడదు. షార్టు ఉన్నా బల్బు అడ్డం ఉంటుంది కాబట్టి ఏదీ పేలదు. ఇంత తెలివైన, ఇంత చవకైన పరీక్షా సాధనాన్ని నేను యూనివర్సిటీ ప్రయోగశాలలో చూడలేదు. అయితే దానికీ ఒక హద్దు ఉంది. పిన్నిగారి టోస్టర్‌లో లాంటి చిన్న లీకు బల్బును వెలిగించదు.

"దీదీ, టోస్టర్ తెచ్చేవాళ్లలో సగం మందిది అసలు పాడవదు" అన్నాడతను హిందీలో. "మీట నిలబడటం లేదంటారు. తిరగేసి దులిపితే పావు కిలో బ్రెడ్డు పొడి రాలుతుంది. అంతే." పావు కిలో అన్నది కొంత అతిశయోక్తే. విషయం మాత్రం నిజం. ఇప్పటి టోస్టర్లలో మీట కింద ఒక చిన్న విద్యుదయస్కాంతం ఉంటుంది. మీట నొక్కగానే స్విచ్చు కలుస్తుంది, అయస్కాంతానికి శక్తి వచ్చి మీటను పట్టి ఉంచుతుంది. ప్లగ్గు పెట్టకుండా నొక్కితే మీట ఎందుకు నిలబడదో ఇప్పుడు అర్థమవుతుంది. సమయం అయిపోగానే సర్క్యూటు అయస్కాంతాన్ని ఆపేస్తుంది, స్ప్రింగు బ్రెడ్డును పైకి తోస్తుంది. అయస్కాంతం, దాన్ని అంటుకునే ఇనుప బిళ్ల, ఈ రెండింటి మధ్య ఒక్క రొట్టె నలక చేరినా పట్టు సగానికి సగం పోతుంది. అయస్కాంత బలం దూరంతో పాటు వేగంగా తగ్గిపోతుంది మరి. పెయింట్ బ్రష్షుతో ఆ బిళ్లను తుడిస్తే చాలామంది కొత్త టోస్టర్ కొనే అవసరం ఉండదు.

రెండో రకం జబ్బు స్విచ్చు మొనలది. మీట కింద కలిసే రాగి, ఇత్తడి రేకుల మీద ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ లేస్తుంది, మసి పడుతుంది. సన్నని ఉప్పుకాగితంతో రుద్దితే కొన్నాళ్లు బతుకుతుంది. మూడోది సర్క్యూటు బోర్డు మీది కెపాసిటర్. పొయ్యి పక్కన కాపురం పెట్టిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఎండిపోవడం సహజం. కొత్తది పది రూపాయలు. బోర్డును చేరుకోవడానికి దారి ఉంటే.

అసలు చిక్కు నాలుగోది, నిక్రోమ్ తెగిపోవడం. ఇది ఎలా జరుగుతుందో చూస్తే, ఏ టోస్టర్ ఎక్కువ కాలం ఉంటుందో ముందే ఊహించవచ్చు. తీగ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ వ్యాకోచిస్తుంది, సంకోచిస్తుంది. ఆక్సైడ్ పొర అంతగా సాగదు. ఎక్కడో కొంచెం పెచ్చు ఊడుతుంది. అక్కడ కొత్త పొర ఏర్పడుతుంది, అందుకు కొంత లోహం ఖర్చవుతుంది. అక్కడ తీగ సన్నబడుతుంది. సన్నబడిన చోట నిరోధం ఎక్కువ. తీగంతా ఒకటే కరెంటు పోతోంది కాబట్టి నిరోధం ఎక్కువున్న చోట వేడి ఎక్కువ. వేడి ఎక్కువైతే ఆక్సీకరణం ఎక్కువ. మరింత సన్నం, మరింత వేడి. చీకట్లో టోస్టర్‌ను పైనుంచి చూడండి. తీగలో ఒకచోట మాత్రం మిగతా భాగం కంటే తెల్లగా మెరుస్తుంటే అది తెగబోయే చోటు. కాబట్టి తీగ వెడల్పుగా ఉండి, మరీ ఎర్రగా కాకుండా మందంగా కాగే టోస్టర్ ఎక్కువ కాలం నిలుస్తుంది. ఒక్క నిమిషంలో కాల్చిపెడతామనే ప్రకటనను నేను అనుమానంగా చూసేది ఇందుకే.

తెగిన తీగను మెలిపెట్టి అతికిస్తే? మన దుకాణదారు నవ్వాడు. "పెడతాను దీదీ, నెలకు మళ్లీ వస్తారు." మెలి దగ్గర ఆక్సైడ్ పొర అడ్డం పడుతుంది, నిరోధం పెరిగి అక్కడే కాలుతుంది. టంకం పనికిరాదు, 190 డిగ్రీల లోపే కరిగిపోతుంది. పోనీ తెగిన ముక్క తీసేసి మిగిలిన దాన్ని సాగదీసి కడితే, తీగ పొడుగు 5 శాతం తగ్గినప్పుడు మొత్తం నిరోధం 5 శాతం తగ్గి వాట్లు పెరుగుతాయి. పెరిగిన ఆ వేడిని మోయాల్సింది తగ్గిన పొడుగే. ప్రతి సెంటీమీటరు మీదా భారం దాదాపు 11 శాతం పెరుగుతుంది. సరైన వైద్యం అభ్రకం పలకతో సహా మొత్తం ఎలిమెంట్ మార్చడమే. "ఇస్త్రీపెట్టె ఎలిమెంట్ అడగండి, భగీరథ్ ప్యాలెస్‌లో బస్తాల్లో దొరుకుతుంది. గీజర్‌ది అడగండి, ఉంది. టోస్టర్‌ది మాత్రం దొరకదు. ఒక్కో మోడల్‌కు ఒక్కో కొలత" అన్నాడు. చాందినీ చౌక్‌లోని భగీరథ్ ప్యాలెస్ ఢిల్లీకి విద్యుత్ సామాన్ల టోకు బజారు. అక్కడ దొరకనిది మయూర్ విహార్‌లో దొరికే ఆశ లేదు.

ఒక కొలతకు కట్టుబడి, విడిభాగాలు అమ్ముతూ టోస్టర్ చేయడం అసాధ్యమేమీ కాదు. బ్రిటన్‌లో మాక్స్ గోర్ట్-బార్టన్ స్థాపించిన డ్యూయలిట్ సంస్థ 1940ల నుంచి ఆ పని చేస్తోంది. వాళ్ల క్లాసిక్ మోడల్‌లో ఎలిమెంట్లు విడివిడిగా ఊడివస్తాయి, విడిగా కొనుక్కోవచ్చు. సమయానికి గడియారం లాంటి యాంత్రిక టైమర్, టిక్కుటిక్కుమని తిరుగుతుంది. బ్రెడ్డు దానంతటది పైకి ఎగరదు, మనమే మీటతో లేపాలి. ఎగిరించే యంత్రాంగం లేకపోతే ఆ మేరకు పాడయ్యేదీ లేదు. అది మన మార్కెట్ ధరకు ఎన్నో రెట్లు, అందరూ కొనమని నేను చెప్పను. పాత తరం తెలుగు ఇళ్లలో ఉండిన తలుపుల టోస్టర్ మాత్రం అదే సూత్రం మీద పనిచేసేది. మధ్యలో ఒక ఎలిమెంట్, రెండు పక్కలా వాలుగా తెరుచుకునే రేకు తలుపులు, ఒకవైపు కాలాక చేత్తో తిప్పి పెట్టడం. నట్లు, బోల్టులే. మా తాతగారింట్లోది రెండు సార్లు ఎలిమెంట్ మార్చినట్టు నాకు గుర్తు. కనిపెట్టుకుని ఉండకపోతే బ్రెడ్డు బొగ్గవుతుంది, తీగ చేతికందేంత దగ్గర్లో ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో అది మళ్లీ రావాలని కోరుకోను.

టోస్టర్ అంత మామూలు వస్తువేమీ కాదని చూపించినవాడు థామస్ త్వేట్స్. 2009లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థిగా ఉన్నప్పుడు, దాదాపు నాలుగు పౌండ్ల చవక టోస్టర్ ఒకటి కొని విప్పితే 404 భాగాలు వచ్చాయి. అలాంటిది తనే ముడిపదార్థాల నుంచి చేయాలని పూనుకున్నాడు. ఇనుప రాయిని మైక్రోవేవ్ ఓవెన్‌లో కరిగించాడు, అభ్రకం కోసం స్కాట్లండ్ కొండలెక్కాడు, నికెల్ కోసం కెనడా నాణేలు కరిగించాడు. చివరికి ఖర్చు 1,187 పౌండ్లు దాటింది. మెయిన్స్‌కు కలిపితే అది 5 సెకన్ల పాటు వెలిగి కరిగిపోయింది. నాలుగు పౌండ్ల ధరలో గనుల, కొలుముల అసలు లెక్క ఎంత దాగి ఉందో ఇంతకంటే బాగా ఎవరూ చూపలేదు.

దుకాణంలో ఏం చూడాలి అన్నదానికి వస్తే, నేను మొదట చేసేది టోస్టర్‌ను బోర్లించడం. అమ్మే కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. అడుగున మామూలు ప్లస్ గీతల స్క్రూలు కనిపిస్తే సగం పరీక్ష నెగ్గినట్టే. మూడు మూలల స్క్రూలు, ఒకవైపే తిరిగేవి, లేదా స్క్రూలే లేకుండా ప్లాస్టిక్ కొక్కేలతో బిగించినవి ఉంటే, విప్పొద్దని తయారీదారు చెబుతున్నట్టు. ప్లాస్టిక్ కొక్కెం ఒకసారి వేడికి పెళుసుబారాక విప్పితే విరుగుతుంది, మళ్లీ బిగియదు.

తర్వాత పొడి పడే ట్రే. ఊడివచ్చేది ఉండాలి, మొత్తం అడుగు వెడల్పునా ఉండాలి. మీట కింద అయస్కాంతం ఉండే మూల దాకా ట్రే చేరని టోస్టర్లు చూశాను. పొడి పేరుకునేది అక్కడే. పైనుంచి చూసి తీగ వెడల్పు, అది అభ్రకం పలకకు ఎలా చుట్టారో గమనించండి. తీగకూ బ్రెడ్డుకూ మధ్య గట్టి కమ్మీలు ఉన్నాయా, వేలు, చెంచా సులభంగా తగిలే దూరమా అన్నది కూడా.

మీట చప్పుడు గురించి కొందరు అడుగుతారు. పట్టించుకోనక్కర్లేదు.

తీగ దగ్గర మాత్రం మొండిగా ఉండండి. లోహపు ఒళ్లున్న టోస్టర్‌కు మూడు తీగల కేబుల్, మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పొడుగ్గా ఉండటం అలంకారానికి కాదు. ప్లగ్గు పెట్టేటప్పుడు అది అన్నిటికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు చివరగా వదలాలి. గృహోపకరణాల భద్రతకు మన దేశంలో ఐఎస్ 302 ప్రమాణ శ్రేణి ఉంది, ఐఎస్‌ఐ గుర్తు ఉందేమో చూడండి. కేబుల్ లోపలికి దూరే చోట దాన్ని బిగించి పట్టే క్లిప్పు ఉందో లేదో లాగి చూస్తే తెలుస్తుంది. నాలుగు ముక్కల టోస్టర్ కొనేవాళ్లకు ఇంకో మాట. 1,500 వాట్లదైతే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. వంటింట్లో చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. పెద్ద సాకెట్ ఉన్న చోటే పెట్టుకోండి, మల్టీప్లగ్‌లో వద్దు.

మన వోల్టేజీ ఆటుపోట్లు కూడా లెక్కలోకి తీసుకోవాలి. పుట్టే వేడి వోల్టేజీ వర్గంతో మారుతుంది. 230 బదులు 200 వోల్టులే వస్తే 800 వాట్ల టోస్టర్ 605 వాట్లకు పడిపోతుంది. 250 వస్తే 945కు ఎగబాకి తీగ ఆయుష్షు తింటుంది. సమయాన్ని మాత్రమే లెక్కపెట్టే ఎలక్ట్రానిక్ టైమర్‌కు ఈ తేడా తెలియదు. అదే నంబరు మీద ఒకరోజు పాలిపోయిన టోస్టు, ఇంకోరోజు మాడింది. పాతకాలపు ద్విలోహ పట్టీ అసలు వేడికే స్పందిస్తుంది కాబట్టి కొంత సర్దుకునేది. 1949లో అమెరికాలో వచ్చిన సన్‌బీమ్ రేడియంట్ కంట్రోల్ టోస్టర్ దీన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లింది. బ్రెడ్డు నుంచి వచ్చే వేడిని చూసి ఆగేది, ముక్క బరువుకే కిందికి దిగేది. వాటిలో కొన్నింటిని ఇప్పటికీ వాడేవాళ్లున్నారు.

కరెంటు బిల్లు ఆదా చేసే టోస్టర్ అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. 800 వాట్లు, రెండున్నర నిమిషాలు, అంటే యూనిట్‌లో ముప్పయ్యో వంతు. రోజుకు రెండు వాయిలు ఏడాది పొడవునా కాల్చినా 25 యూనిట్లు దాటదు. టోస్టర్ విషయంలో పర్యావరణ లెక్క తీగలోని కరెంటులో కంటే తీగలోని నికెల్‌లో, దాన్ని ఎన్నేళ్లు వాడామన్నదానిలో ఉంటుంది. ఉదాహరణకు 1,500 రూపాయలది మూడేళ్లకు పారేస్తే ఏడాదికి 500. 4,000 పెట్టి కొన్నది ఒక 400 రూపాయల మరమ్మతుతో పన్నెండేళ్లు వస్తే ఏడాదికి 367. ఈ లెక్క పనిచేయాలంటే ఆ పన్నెండో ఏడాది దాకా విడిభాగం దొరకాలి. అక్కడే చట్టం, విధానం అవసరం పడతాయి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, మరమ్మతు హక్కు పోర్టల్‌ను మొదలుపెట్టింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాల కంపెనీలు విడిభాగాల, సేవా కేంద్రాల సమాచారం అందులో పెట్టాలన్నది ఉద్దేశం. 2024 సెప్టెంబర్‌లో మరమ్మతు సూచీ కోసం వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. మొదటి గురి స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్ల మీద. విప్పడం ఎంత లోతు, మరమ్మతు సమాచారం దొరుకుతుందా, విడిభాగాలు సకాలంలో వస్తాయా, పనిముట్లేమిటి, స్క్రూలు ఏ రకం, సాఫ్ట్‌వేర్ తాజా చేస్తున్నారా అన్నవి కొలమానాలు. చివరిది తీసేస్తే మిగిలిన ఐదూ టోస్టర్‌కు అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. ఫ్రాన్స్ 2021 జనవరిలో వాషింగ్ మెషిన్లు, ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, టీవీలు, గడ్డి కోసే యంత్రాల మీద ఇలాంటి మార్కులు ముద్రించడం మొదలుపెట్టింది. ఆ తొలి జాబితాలోనూ టోస్టర్ లేదు. చిన్న సామాను మీద ఎవరికీ పట్టింపు లేదనిపిస్తుంది. కానీ ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాల్లో దాదాపు మూడో వంతు ఇలాంటి చిన్న పరికరాలే. వాటిలో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసింది 12 శాతం. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు వస్తువుల జాబితాను 21 నుంచి 106కు పెంచాయి.

మా సొసైటీకి వచ్చే కబాడీవాలాను అడిగాను, టోస్టర్‌కు ఎంతిస్తావని. తూకం వేసి ఇనుము ధర చెప్పాడు. అక్కడి నుంచి అది యమునకు ఇవతలి ఒడ్డునే ఉన్న సీలంపూర్ లాంటి చోట్లకు చేరుతుంది. వీధుల్లో, ఇళ్ల ముందు సుత్తులతో విప్పుతారు. రాగి తీగను వేరుచేస్తారు. నిక్రోమ్‌ను విడిగా ఏరేంత బరువు ఒక్క టోస్టర్‌లో ఉండదు, అది ఇనుప తుక్కులో కలిసిపోతుంది. ప్లాస్టిక్ కాలితే ఆ పొగ అక్కడి పిల్లలు పీలుస్తారు.

పిన్నిగారి టోస్టర్‌కు దుకాణదారు మూడు తీగల కేబుల్ వేశాడు. ఆకుపచ్చ-పసుపు గీతల తీగను రేకుకు స్క్రూతో, కింద పళ్ల వాషర్ పెట్టి మరీ బిగించాడు. ఎర్త్ పిన్ను నుంచి రేకుకు నా మీటరు బీప్ మంది. కేబుల్‌కు, పనికి కలిపి 180 రూపాయలు. ఇంటికి తెచ్చాక పిన్నిగారి వంటింటి సాకెట్‌ను కూడా టెస్టర్‌తో చూశాం. లైవ్, న్యూట్రల్ తారుమారుగా ఉన్నాయి. స్విచ్చు ఆపినా టోస్టర్ లోపలి తీగలో 230 వోల్టులు నిలిచే ఉంటాయన్నమాట. ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు. అప్పటిదాకా అట్లపెనం మీద కాల్చుకుంటానని, టోస్టర్‌ను గుడ్డతో తుడిచి పిన్నిగారు మళ్లీ అటక ఎక్కించారు.